బొమ్మ కింద పేరు

చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్‌కి వెళ్లినవాళ్లు చార్లెస్ వంతెన, పాత గడియారం చూశాక తప్పకుండా తొక్కే దారి ఇంకోటుంది... పాత యూదుల పేట జోసెఫొవ్‌కి. అక్కడి పింకాస్ సినగాగ్ పదహారో శతాబ్దపు ప్రార్థనామందిరం. లోపల గోడల నిండా అక్షరాలే! నాజీల చేతిలో బలైన సుమారు 78 వేలమంది చెక్ యూదుల పేర్లవి. ఊరు, ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ... అన్నీ చేత్తో రాసినవే.

మెట్లెక్కి పైకి వెళితే పిల్లల బొమ్మలు. పూలు, సీతాకోకచిలుకలు, ఇల్లు... మనింట్లో ఐదో తరగతి పిల్లాడి డ్రాయింగు పుస్తకం తెరిస్తే కనిపించేలాంటివే. మరికాస్త పరీక్షగా చూస్తే అంతస్తుల మంచాలూ కాపలా సైనికులూ కూడా ఉంటారు.

ఇవి గీసింది ప్రాగ్‌కి 60 కిలోమీటర్ల దూరంలోని తెరెజీన్‌లో. ఆ కోట పట్నాన్ని నాజీలు 1941లో యూదుల నిర్బంధ శిబిరంగా మార్చారు. మరుసటి ఏడాది డిసెంబరులో భర్తతోపాటు అక్కడికి చేరింది ఫ్రీడ్ల్ డికర్ బ్రాండైస్. వియన్నాలో పుట్టి, జర్మనీలోని ప్రసిద్ధ బౌహౌస్ కళాశాలలో చదివిన చిత్రకారిణి. మనిషికి 50 కిలోల సామానే తెచ్చుకోవాలన్నారు. ఆమె అందులోనే రంగులూ కాగితాలూ సర్దుకుంది.

శిబిరంలో పిల్లలకు చదువు చెప్పడం నిషేధం. బొమ్మల్నీ పాటల్నీ మాత్రం చూసీచూడనట్టు వదిలేసేవారు. ఆ కాస్త సందు చాలు ఆమెకి. కాగితాలు అయిపోతే వాడేసిన ఫారాల వెనకవైపు గీయించేది. రంగులు దొరక్కపోతే కాగితం ముక్కలు చింపి అతికించమనేది. ఆమె తాళం వేస్తుంటే పిల్లలు ఆ లయకి తగ్గట్టు గీతలు లాగేవారు. అందంగా ఉందా లేదా అన్నది ఆమెకి ముఖ్యం కాదు. తాను చూసింది, తనకి తోచింది గీయాలి. కింద తన పేరు రాసుకోవాలి.

శిబిరం లెక్కల్లో మనిషంటే ఒక నంబరు. అలాంటిచోట ఓ పన్నెండేళ్ల పాప ఇష్టమైన రంగుతో ఇల్లు గీసుకుని కింద పేరు రాసుకుంటే... అందులో ముఖం లేకపోయినా అది స్వీయచిత్రం కాక మరేమిటి?

1944 సెప్టెంబరులో ఫ్రీడ్ల్ భర్తను రైలెక్కించారు. తననీ పంపమని ఆమే అడిగి, అక్టోబరులో వెళ్లింది. ఆష్విట్జ్‌లో చంపేశారు. భర్త బతికాడు. వెళ్లేముందు ఆమె దాచిన రెండు సూట్‌కేసుల్లో దాదాపు 4,500 బొమ్మలున్నాయి. యుద్ధం ముగిశాక 1945లో అవి ప్రాగ్ చేరాయి.

శనివారాల్లో ఈ మందిరం మూసి ఉంటుంది. మిగతా రోజుల్లో వచ్చినవాళ్లు పై గదిలో నెమ్మదిగా కదులుతారు. బొమ్మ పక్కన చిన్న చీటీ, దానిమీద పేరు, పుట్టిన తేదీ, మరణించిన తేదీ. పిల్లలు సంతకం చేశారు కాబట్టే అవి ఎవరివో తెలిశాయి. చాలా చీటీల మీద రెండో తేదీ 1944లోదే.