భుజం మీది తాళపుచెవి

యెషయా 22వ అధ్యాయంలో ఎల్యాకీము భుజం మీద తాళపుచెవి ఉంచుతారు. జేబులో వేసుకునేది భుజం మీద ఎందుకు? పూర్వం ఆ దేశాల్లో తాళపుచెవి పెద్ద కొయ్య ముక్క. దాని పళ్లు గడియలోని పిన్నులను పైకి లేపేవి. 1861లో అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ పేటెంటు పొందిన తాళంలోనూ కిటుకు అదే, కాకపోతే చెవి చిన్నదైంది.

బరువు మాత్రం తగ్గలేదని పాతబస్తీలో చూశాం. జాతరల్లో గాజులమ్మే మా సంఘ సహోదరి సరుకు కోసం లాడ్ బజారుకు వెళ్తుంటే మేమూ తోడు వెళ్లాం. దుకాణం షట్టర్ దించే ఉంది. చాబీ పోయిందట. వచ్చిన బేరాలు పక్క కొట్లకు పోతుంటే యజమాని ముఖం చూడలేకపోయాం. పండుగ ముందు రోజులు మరి!

ఫోన్ చేస్తే చాబీలు చేసే పెద్దాయన స్కూటర్ మీద వచ్చాడు. సంచి దించకుండానే పక్క కొట్టువాళ్లను అడిగాడు: "దుకాణం ఈయనదేనా భయ్యా?" ఇద్దరు అవునన్నాకే పనిముట్లు తీశాడు. యజమానికి కోపం వచ్చింది గాని, మాకు ఆ ప్రశ్న నచ్చింది. ఏ తలుపైనా తెరవగలవాడు అడగవలసినదే అది.

కోయని చాబీని తాళంలో దూర్చి గట్టిగా తిప్పి, తీసి, వెలుతురులో చూశాడు. పిన్నులు ఒత్తినచోట సన్నని మచ్చలు. అక్కడే ఆకురాయితో రాశాడు. మళ్లీ దూర్చాడు, మళ్లీ రాశాడు. సుత్తితో అయితే క్షణాల పని, తాళం దక్కదు.

షట్టర్ లేచింది. కొత్త చాబీ యజమాని చేతిలో పెట్టి అన్నాడు: "తాళం మార్చెయ్యండి. పాతది ఎవరికి దొరికిందో!"