ఎర్ర లైట్ వెలిగాక ఎంత దూరం?

"అరేయ్, ఇక్కడ పాలమూరులో ఒక డిజైర్ ఉంది. డీజిల్ బండి. రిటైరైన సారుది. లక్షా పదివేలకు ఇస్తడట" అని బావ ఫోన్ చేసినప్పుడు నేను గచ్చిబౌలిలో ఆఫీసు క్యాంటీన్‌లో ఉన్నాను. అలాంటి బండి మంచి కండిషన్‌లో ఉంటే మూడున్నర లక్షలకు తక్కువ చెప్పరు. "ఏం రోగం దానికి?" అని అడిగాను. "ఇంజిన్ పోయింది" అన్నాడు, చాయ్‌లో చక్కెర తక్కువైందన్నంత తేలిగ్గా.

కారు మాకు అవసరమే. మాది దేవరకొండ దగ్గర పల్లె. అక్కను ఇచ్చింది మహబూబ్‌నగర్‌లో. అమ్మ బిడ్డ దగ్గరికి పోవాలంటే కల్వకుర్తిలో ఒక బస్సు, జడ్చర్లలో ఇంకొకటి మారాలి. మోకాళ్లు అరిగినయ్, బస్సు మెట్టు ఎక్కాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టాలి. అక్క పెళ్లి అప్పు పోయినేడే తీరింది. నా దగ్గర మిగిలింది లక్షా ఎనభై వేలు. మా టీమ్‌లో ఇద్దర్ని తీసేశాక కొత్త ఈఎంఐ అంటేనే భయంగా ఉంది.

ఆ రాత్రి ఎక్సెల్ షీట్ తెరిచాను. హెడ్ గ్యాస్కెట్ ఒక్కటే పోతే నలభై వేలు. పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ మారిస్తే లక్ష. గుజిరీలో పాత ఇంజిన్ తెచ్చి బిగిస్తే డెబ్బై వేలు, కానీ గ్యారంటీ ఉండదు, ఆర్టీఏ ఆఫీసుకు పోయి ఆర్సీలో కొత్త ఇంజిన్ నంబర్ ఎక్కించుకోవాలి. ఏ లెక్కన చూసినా మొత్తం మూడున్నర లక్షల లోపే. పైగా అది ఫియట్ డిజైన్ చేసిన 1248 సీసీ ఇంజిన్. మారుతి, టాటా, ఫియట్ బండ్లలో కొన్నేళ్లపాటు అదే నడిచింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 రూల్ వచ్చినప్పుడు మారుతి డీజిల్ కార్లు ఆపేసింది గానీ సామాన్లకు ఇప్పటికీ కరువు లేదు. లాభమే అనుకున్నాను.

నాయినకు చెబితే షీట్ వైపు చూడలేదు. "సారును ఒక్క మాట అడగాలె. నేను గూడ వస్త" అన్నాడు.

నాయిన ఒకప్పుడు దేవరకొండ నుంచి డిండి దాకా జీపు తోలేవాడు. నాకు ఏడేళ్లప్పుడు సొంత జీపు కొన్నాడు, అది పోయింది. తర్వాత పదిహేనేళ్లు పరాయి వాళ్ల లారీలు తోలాడు. ఆ జీపు మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఆదివారం పోయేసరికి కారు వేపచెట్టు కింద ఉంది. ఏపీ 22 నంబర్, 2013 బండి. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యలేదు. నాయిన బానెట్ ఎత్తి ఆయిల్ మూత తిప్పాడు. మూత లోపల చాయ్ మీది మీగడ లెక్క తెల్లగా, చిక్కగా పేరుకుంది. ఇంజిన్ ఆయిల్‌లో నీళ్లు కలిస్తే అట్లా అవుతుంది. రేడియేటర్ మూత తీస్తే అంచుల వెంట తెల్లటి పొక్కు. మా బోరు నల్లాల మీద పేరుకునేదే. పైపు కారుతుంటే సారు కూలెంట్ బదులు నెలల తరబడి బోరు నీళ్లే పోశాడట. మన దిక్కు బోరు నీళ్లలో ఉప్పు ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. అది సన్నటి గొట్టాల్లో గడ్డకడితే నీళ్లు తిరగవు, వేడి దిగదు.

అప్పుడు నాయిన అడిగాడు. "సారూ, ఎర్ర లైట్ ఎలిగినంక ఎంత దూరం నడిపిన్రు?"

సారు కాసేపు మాట్లాడలేదు. "జడ్చర్ల దాటంగనే ఎలిగింది. ఈడిదాక వచ్చిన. పదిహేను కిలోమీటర్లుంటది" అన్నాడు. ఆగి, "ఎనుక సీట్ల మా ఇంటామె ఉండె. ఛాతిల నొప్పి. బండి ఎట్ల ఆపుత?" అన్నాడు. ఆమె గడపలో నిలబడి వింటోంది. మాకు చాయ్ తెచ్చింది ఆమే.

"మంచిపని చేసిన్రు సారూ" అన్నాడు నాయిన.

ఆ పదిహేను కిలోమీటర్ల అర్థం నాకు తర్వాత తెలిసింది. ఈ ఇంజిన్‌లో కింది బ్లాకు పోత ఇనుము, పైన హెడ్డు అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. వెంటనే ఆపితే గ్యాస్కెట్‌తో పోతుంది. నడిపినకొద్దీ హెడ్డు వంగుతుంది, నీళ్లు ఆయిల్‌లో కలుస్తాయి, జిగురు పోయిన ఆయిల్‌తో బేరింగులు అరుగుతాయి. ఇట్లాంటి దానికి మామూలు ఇన్సూరెన్స్ కూడా పైసా ఇవ్వదు.

నాయిన సారుతో ఒక ఒప్పందం చేశాడు. బండిని షెడ్డుకు లాగించే కిరాయి, హెడ్డు విప్పే కూలి మేమే పెట్టుకుంటాం. హెడ్డు వరకే పోయి ఉంటే చెప్పిన ధరకే కొంటాం. కిందిదాకా పోయి ఉంటే దండం పెట్టి పోతాం. మొత్తం ఆరు వేలు. "కొనకముందే ఆరు వేలా?" అన్నాను. నాయిన జవాబియ్యలేదు.

మెకానిక్ హెడ్డు మీద ఉక్కు స్కేలు నిలబెట్టి, కింద సన్నటి రేకు దూర్చి చూపించాడు. మధ్యలో సులువుగా దూరింది. రెండు సిలిండర్లలో గోరుకు తగిలేంత లోతు గీతలు. "ఫుల్ పనే తమ్మీ. బ్లాకు సంగతి నేను గ్యారంటీ ఇయ్య" అన్నాడు.

అయినా నాకు ఆశ చావలేదు. లక్షా పదికి లక్ష కలిపితే రెండు లక్షల పదివేలే కదా! చాయ్ కొట్టు దగ్గర నాయినకు మళ్లీ షీట్ చూపించాను. ఫోన్ పక్కకు జరిపి మొదటిసారి జీపు గురించి చెప్పాడు.

మూడు రూపాయల మిత్తికి నలభై ఐదు వేలు తెచ్చాడట. అమ్మినాయన "రింగులు పోయినయ్, అంతే" అన్నాడట. విప్పి చూపిస్తే మెకానిక్ పదిహేను వందలు అడుగుతాడని విప్పకుండానే పైసలిచ్చాడు. ఇంటికి తెచ్చి విప్పితే క్రాంకు పగిలి ఉంది. దాన్ని బాగుచేయించడానికి అమ్మ పుస్తెలతాడు పోయింది. ఆఖరికి జీపును గుజిరీవాడు తూకానికి కొన్నాడు.

"నీకు ఇంజిన్ పని తెలుసు కద నాయినా, ఎట్ల మోసపోయినవ్?" అన్నాను.

"ఎవ్వరు మోసం జెయ్యలే బిడ్డా. తెలుసుకోవాల్నని నాకే లేకుండె. ఇప్పితే కొనరాదని తేలుతదేమోనని భయం. సొంత బండి గావాలె, అంతే" అన్నాడు.

ఫోన్‌లో షీట్ మళ్లీ చూసుకున్నాను. ప్రతి గడిలో నేను వేసుకుంది తక్కువ అంకెనే. టర్బో, ఇంజెక్టర్లు, ఏసీ ఎట్లున్నాయో చూడలేదు, వాటికి గడులే లేవు. 2028లో బండికి పదిహేనేళ్లు నిండుతాయి, ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. దానికీ గడి లేదు. నా దగ్గరున్నది లక్షా ఎనభై వేలే అన్న సంగతి కూడా అందులో ఎక్కడా లేదు. కొనాలని ముందే అనుకుని తర్వాత లెక్క రాసుకున్నాను.

సాయంత్రం సారు ఇంటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాం. ఆయన కూలిలో సగం ఇస్తానంటే నాయిన వద్దన్నాడు. "తూకానికి మాత్రం ఇయ్యకున్రి సారూ. గేరుబాక్సు, డోర్లు, టైర్లు మంచిగున్నయ్. మెకానిక్‌లనే అడుగున్రి" అని చెప్పి వచ్చాడు. నెల తర్వాత ఒక మెకానిక్ డెబ్బై వేలకు తీసుకున్నాడని బావ చెప్పాడు. నేనైతే లక్షా పదివేలు ఇచ్చేవాణ్ని.

ఇంకా కారు కొనలేదు. అమ్మను అక్క దగ్గరికి నేనే బస్సులో తీసుకుపోయి వస్తున్నాను. మొన్న నల్లగొండలో పెట్రోల్ వ్యాగనార్ ఒకటి ఉందంటే నేనూ నాయినా పోయాం. ఈసారి ఆయిల్ మూత నేనే తిప్పాను. లోపల శుభ్రంగానే ఉంది. "అన్నా, ఎర్ర లైట్ ఎప్పుడన్న ఎలిగిందా? ఎలిగినంక ఎంత దూరం నడిపిన్రు?" అని అడిగాను.

ఆయన జవాబు చెప్పేముందు భార్య మొహం చూశాడు. నాయిన అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు.