ఒంట్లో ఎలా ఉంది?

మంచం పట్టి లేచిన మనిషిని మనవాళ్లు "ఒంట్లో ఎలా ఉంది?" అని పలకరిస్తారు. తెలంగాణలో "పానం ఎట్లుంది?" అంటారు. జవాబులు మాత్రం ఎన్నో! తగ్గింది, నెమ్మదించింది, తేరుకున్నాను, జర మంచిగైంది. వీటన్నిటికీ అర్థం ఒకటే అనుకుంటాం గానీ, ఏ మాటకు ఆ మాటే వేరు. జ్వరం విడిచిన పూట అనే మాట, నాలుగు వీధులు తిరిగొచ్చిన రోజున అనరు.

జబ్బు మాటల్లో పని చేసేది ఎవరో గమనించండి. జ్వరం వస్తుంది, కాస్తుంది, విడుస్తుంది. జలుబు పట్టుకుంటుంది, వదులుతుంది. విషం ఎక్కుతుంది, దిగుతుంది. అంతా జబ్బు ఇష్టమే, మనిషిది ఏమీ లేదు. "కోలుకున్నాడు" అన్నప్పుడు గాని మనిషి ముందుకు రాడు. తగ్గడం జ్వరం పని, కోలుకోవడం మనిషి పని. ఈ రెంటికీ నడుమ కొన్ని రోజులుంటాయి. వెనకటి ఇళ్లలో అసలు శ్రద్ధంతా ఆ రోజుల మీదే. టైఫాయిడ్ లాంటి మొండి జ్వరం విడిచాక మొదటిసారి అన్నం పెట్టడాన్ని పథ్యం పెట్టడం అనేవారు. పాత బియ్యపు అన్నం మెత్తగా వండి, బీరకాయ కూర, మిరియాల చారుతో కొంచెం కొంచెంగా తినిపించేవారు. నోటికి హితవు పుట్టిందా, మొహం తేటపడిందా, లేచి నిలబడితే కాళ్లు వణుకుతున్నాయా అని కనిపెట్టి ఉండేవారు. సత్తువ చిక్కేదాకా బరువైన పని చెప్పేవారు కాదు.

ఇప్పుడు డిశ్చార్జి కాగితం చేతికొస్తే కోలుకున్నట్టే లెక్క. కరోనా కాలంలో, 2020లోనూ 2021లోనూ, ప్రభుత్వ బులెటిన్లలో "కోలుకున్నవారు" అంటూ రోజూ ఒక అంకె వచ్చేది. ఆ అంకెలో కలిసి ఇంటికి చేరినవాళ్లలో కొందరు నెలల తరబడి మెట్లెక్కలేక ఆయాసపడ్డారు. వాసన తెలియక, నిద్ర పట్టక, చదివింది గుర్తుండక సతమతమయ్యారు. "నీకు తగ్గిపోయిందిగా" అని పక్కవాళ్లంటే ఏం చెప్పాలో వాళ్లకు తోచేది కాదు. వైరస్ పోయింది నిజమే, వాళ్లింకా కోలుకోలేదు. ఆ మాటను అంత తొందరగా వాడి వాళ్లకు అన్యాయం చేశామనే నేననుకుంటాను.

అమ్మవారు పోసినప్పుడు మాటలు మరీ మారిపోతాయి. ఆటలమ్మను "తగ్గింది" అనడానికి పెద్దవాళ్లకు నోరు రాదు. అమ్మవారు చల్లబడింది, దిగింది అంటారు. వేపాకు నీళ్లతో స్నానం చేయిస్తేనే అది పూర్తయినట్టు. ఈ భయభక్తులు మశూచి నాటివి. మశూచి లోకంలో లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లోనే ప్రకటించింది. ఆ జబ్బు పోయినా దాని దగ్గర అణకువగా మాట్లాడిన తీరు ఆటలమ్మకు మిగిలింది.

పుండు మానుతుంది, విరిగిన ఎముక అతుక్కుంటుంది. తాగుడు అలవాటైనవాడు కూడా మానుతాడు. పుండుకూ వ్యసనానికీ ఒకే మాట దొరకడం నాకు ఎంతో సబబుగా తోస్తుంది. మానుతున్న పుండు మీద మళ్లీ దెబ్బ తగలకుండా ఇంటిల్లిపాదీ చూసుకుంటారు. మానుతున్న మనిషినీ అలాగే కాచుకోవాలి.

మనసు విషయానికొస్తే మాత్రం మన భాష దయ తప్పింది. "మనసు కుదుటపడింది" అనే చల్లని మాట మనకుంది. దాని పక్కనే ఉన్న "కుదిరింది"ని చూడండి. ఎవడికైనా దెబ్బ తగిలితే "రోగం కుదిరింది" అంటాం, "తిక్క కుదిరింది" అని సంతోషిస్తాం. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట" అని సామెత ఒకటి. మందులు వాడి, తేరుకుని, తిరిగి ఉద్యోగానికి వెళ్తున్న మనిషి చెవిన ఆ సామెత పడితే ఎలా ఉంటుంది? నీకు నయమైందంటే మేం నమ్మం అన్నట్టే కదా. ఈ సామెతను వదులుకున్నా తెలుగుకు వచ్చే లోటేమీ లేదు.

ఇక నయం. నాకు బాగా ఇష్టమైన మాట ఇది. "నిన్నటికంటే నయం" అన్నప్పుడు పూర్తిగా పోయిందని కాదు, కాస్త మెరుగని. బండి మీంచి పడి మోచెయ్యి దోక్కుపోతే "ఇంకా నయం, తలకు తగల్లేదు" అని ఊరట పడతాం. నయాన చెప్పడమంటే మెత్తగా చెప్పడం. ఇంత నెమ్మదైన మాటను తీసుకెళ్లి గోడల మీద, కరెంటు స్తంభాల మీద "శాశ్వతంగా నయం చేయబడును" అని రాస్తున్నారు. మధుమేహం, పక్షవాతం, మూర్ఛ, కేన్సర్ లాంటి జబ్బులను నయం చేస్తామని ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. అయినా ఆ రాతలు కనపడుతూనే ఉన్నాయి. వాటిని నమ్మి షుగరు బిళ్లలు ఆపేసినవాళ్ల కళ్లు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అదుపులో ఉండటం వేరు, నయం కావడం వేరు.

అలాగే తగ్గడం వేరు, నయం కావడం వేరు. ఈ తేడా ప్రాణం మీదికి తెచ్చేది క్షయ దగ్గర. మందులకు లొంగే క్షయకు చికిత్స 6 నెలలు: మొదటి 2 నెలలు నాలుగు రకాల మందులు, తర్వాతి 4 నెలలు మూడు. కొన్ని వారాలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ఒళ్లు చేస్తుంది. "తగ్గింది కదా" అని చాలామంది మందులాపేసేది అక్కడే. లోపల మిగిలిన క్రిములు మళ్లీ పెరుగుతాయి, ఒక్కోసారి పాత మందులకు లొంగకుండా మొండికేస్తాయి. డాక్టర్లకూ నర్సులకూ ఆశా కార్యకర్తలకూ నా మనవి ఒక్కటే. చీటీ చేతికిచ్చేటప్పుడు "తగ్గినా ఆపకండి, నయమైందని మేం చెప్పాలి" అని తెలుగులో చెప్పండి. మీ ఇంట్లో ఎవరైనా ఆ మందులు వాడుతుంటే, ఈ రాత్రే వాళ్లనడిగి చూడండి, ఈ రోజు బిళ్లలు వేసుకున్నారో లేదో.