ఖాళీ థింబుల్

బొగ్గు విద్యుత్ కేంద్రం చిమ్నీ మీదున్న ప్లాట్‌ఫారం చేరేసరికే ఆ రోజు శాంప్లింగ్ పని సగం అయిపోయిందని చెప్పాలి. ల్యాబ్‌లో ఆరబెట్టి, డెసికేటర్‌లో చల్లార్చి, తూచిన థింబుళ్లు, అంటే పొగలోని ధూళిని పట్టే వడపోత గొట్టాలు, నంబర్లతో డబ్బాల్లో పైకొచ్చాయి. వాటిలో ఒకటి ఉత్తదే. దాన్నీ బిగిస్తారు, విప్పుతారు, పొగ మాత్రం లాగరు. దాన్ని బ్లాంక్ అంటారు. అదెందుకో అర్థమైతే శాంప్లింగ్‌కు ముందే రాసుకునే నాణ్యతా ప్రణాళిక సగం అర్థమైనట్టే. కేంద్ర ప్రభుత్వం 2015 డిసెంబరులో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, 2017 జనవరి నుంచి నెలకొల్పే యూనిట్లకు ధూళి పరిమితి సాధారణ పరిస్థితులకు మార్చిన ఘనపు మీటరుకు 30 మిల్లీగ్రాములు. అంటే ఒక ఘనపు మీటరు లాగితే, పరిమితి అంచున ఉన్నా, థింబుల్‌లో చేరేది ఆ 30 మాత్రమే. తేమ వల్లో, చేతి మురికి వల్లో మూడు మిల్లీగ్రాములు కలిస్తే 28 రావాల్సిన చోట 31 వస్తుంది, తప్పు చేయనివాడు దోషి అవుతాడు. థింబుల్ పీచు రాలితే దోషి తప్పించుకుంటాడు. బ్లాంక్ బరువు కూడా మారిందంటే ఆ తేడా పొగది కాదు, మన చేతులది.

పదేళ్లుగా చిమ్నీలు ఎక్కుతున్నవాళ్లకు ఈ ప్రణాళిక కాగితాలెందుకన్న అభ్యంతరం ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. లీకును చెవితో పట్టేవాళ్లూ ఉంటారు. కానీ ఏ రన్‌ను, అంటే ఏ విడత శాంప్లింగ్‌ను, పారేయాలన్నది అంకె చూశాక తేల్చుకుంటే ఆ అనుభవాన్నే అనుమానించాల్సి వస్తుంది. ఉదాహరణకు, నాజిల్ లాగే వేగం పొగ వేగాన్ని మించితే పెద్ద రేణువులు తమ ఊపుకొద్దీ పక్కనుంచి వెళ్లిపోయి ఫలితం తక్కువ చూపుతుంది, తగ్గితే ఎక్కువ చూపుతుంది. అమెరికా ఈపీఏ ఐదో పద్ధతి ఈ రెండు వేగాల నిష్పత్తికి 90–110 శాతం హద్దు పెట్టింది. హద్దు దాటినా, రన్ తర్వాత లీక్ టెస్ట్ తప్పినా ఏం చేయాలో పైకెక్కకముందే రాసి ఉండాలి.

చిమ్నీకి బిగించిన ఆన్‌లైన్ మీటర్లు రాత్రీపగలూ అంకెలు పంపుతుంటే ఈ ఎక్కడం దిగడం దేనికని కొందరి వాదన. ఆ మీటర్లు చెప్పేది నిజమో కాదో సరిచూసేది ఈ థింబుల్‌తోనే. అసలు గట్టి అభ్యంతరం వేరే ఉంది: పరీక్ష రోజున యూనిట్‌ను తక్కువ లోడ్‌లో నడిపితే ఎంత మంచి తూకమైనా ఆ ఒక్కరోజు పొగకే సాక్ష్యం. దీనికి బ్లాంక్ పనికిరాదు. లోడ్ ఎంత, బొగ్గు ఎంత పడుతోంది, పొగలోని ధూళిని విద్యుత్‌తో పట్టే ఈఎస్‌పీలో ఎన్ని ఫీల్డులు పనిచేస్తున్నాయి, ఇవన్నీ రన్ సాగుతున్నంతసేపూ నమోదు కావాలి. నాకు చూపించిన ప్రణాళికలో వాటికి గడులున్నాయి. నింపేది మాత్రం విద్యుత్ కేంద్రం సిబ్బందే. కింద కంట్రోల్ రూంలో శాంప్లింగ్ బృందం మనిషి ఒక్కరూ లేరు.