ఈల నూదుటకు ముందు

నేను వృత్తిచే ఉపాధ్యాయినిని. సెలవుదినములలో బాలికల బాస్కెట్‌బాల్ పోటీలకు రిఫరీగా నుండుట నాకలవాటు. మా యత్తగారు, “ఒకరు గెలుతురు, ఒకరోడుదురు, నడుమ నీకు మిగులునదేమమ్మా?” అని నవ్వుచుందురు. తిట్లు మిగులునని నేననుచుందును.

గడచిన సంవత్సరమొక పోటీలో ఆట ముగియుటకు అరనిమిషముండగా ఒక పిల్ల బంతితో బుట్టవైపు దూసుకొని వచ్చెను. ఎదుటిజట్టు బాలిక యడ్డు నిలిచెను. ఇరువురును ఢీకొని క్రింద పడిరి. నేను ఈల నూది, పిడికిలి పైకెత్తి, అడ్డు నిలిచినదానిదే ఫౌలంటిని. అది యామెకు ఐదవది. ఐదైనచో ఆటనుండి తొలగవలసినదే. ఆమె వాదింపలేదు. “నేను ముందే నిలిచితిని, మేడమ్” అని మాత్రమని, కన్నీరు తుడుచుకొనుచు వెడలిపోయెను. వారి జట్టు ఓడెను.

ఇందలి నియమము కఠినమైనది కాదు. అడ్డుకొను నామె రెండు పాదములును నేల నానించి, ఎదుటియామెకు అభిముఖముగా ముందే నిలిచియుండగా, తాకిడి యామె మొండెమునకు తగిలినచో తప్పు బంతి తెచ్చినదానిది. ఆలస్యముగా వచ్చి దారి కడ్డుపడినచో తప్పు అడ్డుకొన్నదానిది. కష్టమంతయు చూచుటలో నున్నది.

1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డున జేమ్స్ నైస్మిత్ ఈ యాటను కల్పించి వ్రాసిన 13 నియమములలోనే, ఆటగాండ్రను కనిపెట్టుట కొకరిని, బంతిని కనిపెట్టుట కొకరిని వేరుగా నియమించెను. నేటికిని ఇద్దరు రిఫరీలున్నచో ఒకరు ముందుగా పోయి బుట్ట వెనుకనున్న గీత యొద్ద నిలుతురు. రెండవవారు ఆట వెనుక వత్తురు. ఇరువురి చూపును బంతి వెంటనే పోరాదు. తాకుకొనబోవు నిద్దరి నడుమనున్న ఖాళీ కనబడునట్లు నిలువవలెను. ఒకరి వీపు వెనుక నిలిచినచో చప్పుడు వినబడును, పడుట కనబడును. నడుమ జరిగినది మాత్రము మనమూహింతుము.

నాడు నేను ఆ బాలిక వీపు వెనుకనే యుంటిని. నా కన్ను బంతిమీద నుండుటచే ఆమె యెప్పుడు నిలిచెనో చూడలేదు. పెద్దపోటీలలో కొన్ని నిర్ణయములను వీడియోలో మరల చూచుకొను సదుపాయము కలదు; మా యాటలకు లేదు. ఆ రాత్రి ఒకరు సెల్‌ఫోనులో తీసిన వీడియో చూపిరి. ఆమె పలికినది సత్యము. నేను రెండడుగులు ప్రక్కకు జరిగియుండిన చాలెడిది.

మరుసటి యాటలో ఆ జట్టున కనుకూలముగా ఈల నూది ఋణము తీర్చుకొందమను తలంపు కలిగినమాట దాచను. కాని యట్లు చేసినచో నా తప్పునకు ఏమియు నెరుగని మరియొక పిల్ల శిక్ష ననుభవించును. కావున మరునాడుదయము ఆ బాలికను కలిసి, “నీవన్నది నిజము తల్లీ! నేను చూడకయే చెప్పితిని” అంటిని. ఆమె కొంతసేపూరకుండి, “ఆట ఫలితము మారదు గదా, మేడమ్” అనెను. నాయొద్ద సమాధానము లేకపోయెను.

సోదరీమణులారా, మా యింట పిల్లలిద్దరు కలహించినపుడు ఏడ్చుచు వచ్చినవారే నిర్దోషులని నేను తీర్పు చెప్పుచుండెడిదానను. ఇప్పుడు ముందుగా, “నేను చూచితినా?” అని నన్ను నేనే యడిగికొనుచున్నాను. చూడనిచో, చూడలేదని వారితో చెప్పుచున్నాను.