నాలుగుంపావు అంగుళాల గుంట

మదురైలో ఉండే నా మేనల్లుడికి ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరంలో ఉద్యోగం వచ్చింది. ఇల్లు, పిల్లల బడి, వీసా, వీటిని గురించి అడగడానికి వాడికి వేరే మనుషులున్నారు. నన్ను అడిగింది ఒక్కటే. "మామా, ఆడ దినామూ ఆడుకునేదానికి గోల్ఫు మైదానం ఏది చూసుకోవాల?"

గోల్ఫా, మన పత్రికలోనా, అని చదువరులు మొహం చిట్లించవద్దు. పరాయిచోట నేల వెతుక్కోవడం మనకు కొత్త పని కాదు. విజయనగరం రోజుల్లోనూ, ఆపైన మదురై నాయకరాజుల కాలంలోనూ బండ్లు కట్టుకొని దక్షిణానికి వచ్చి, నల్లరేగడి చూసి దిగినవాళ్ళ మనవలం మనం. మా అవ్వ అంటూ ఉండేది: "కొత్త ఊరికి పోతే ముందు బావి చూడాల. ఆనక ఇరుగుపొరుగు చూడాల. ఇల్లు ఆఖర్న చూడాల." మేనల్లుడికి నేను రాసిన జాబు ఆ మాటకు వివరణే. జాబులో రాయలేనివి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

నేను పుట్టు ఆటగాణ్ణి కాను. కోయంబత్తూరులో పంపులు చేసే ఒక కంపెనీలో అమ్మకాల పని చూసేవాణ్ణి. బయటి దేశాల నుంచి సరుకు కొనడానికి వచ్చే దొరలకు మర్యాదలు చేయడం కూడా నా పనే. వాళ్ళలో ఒకాయన 1996లో, పంపు చూడకముందే, ఈ ఊళ్ళో గోల్ఫు ఎక్కడ ఆడతారని అడిగాడు. అట్లా నలభయ్యో ఏట చెట్టిపాళయం మైదానంలో మొదటిసారి కర్ర పట్టాను. ఆడి నెలలో పాలక్కాడు కనుమ గుండా వచ్చే గాలి ఎట్లాంటిదో మన జిల్లావాళ్ళకు చెప్పనక్కరలేదు. ఎత్తుగా కొట్టిన బంతి వెనక్కి వచ్చి కాళ్ళ దగ్గర పడుతుందేమో అనిపించేది. నాకు ఆట నేర్పిన కేడీ ముసలాయన తమిళంలో చెప్పేవాడు, గాలితో కొట్లాడకండి సార్, దాని కింద నుంచి దూరి పొండి అని. బంతిని నేలబారుగా కొట్టే ఆ విద్య ఒక్కటే ఈ పొద్దుకీ నాకు బాగా వచ్చిన విద్య.

ఇరవై ఏళ్ళు ఆడాను గాని ఎక్కడా సభ్యుణ్ణి కాలేదు. ఎప్పుడూ కంపెనీ తరఫున, వచ్చిన దొరల వెంట పోయినవాణ్ణే. 2016లో రిటైరయ్యాక కర్రలు అటక ఎక్కాయి. అది నాకు లోటుగా తోచలేదు. ఎవరికి తోచిందో ఆరేళ్ళ తర్వాత గాని తెలియలేదు.

2022లో నేనూ మా ఇంటామే కాలిఫోర్నియాలో సన్నీవేల్ అనే ఊళ్ళో ఉన్న మా వాడి దగ్గరికి చేరాం. దిగిన రెండో శనివారం మా వాడు నన్ను కారులో కొండల్లోకి తీసుకుపోయాడు. నలభై నిమిషాల ప్రయాణం. అక్కడొక ప్రైవేటు క్లబ్బు. పట్టు పరిచినట్టు పచ్చిక, లోయ మీదికి తెరుచుకున్న అద్దాల గదులు, పేరు పెట్టి పలకరించే బంట్రోతులు. ప్రవేశ రుసుము అంకె చూసి, మా ఊరి దగ్గర అంత డబ్బుకు ఎన్ని సెంట్ల నేల వస్తుందో మనసులో లెక్క వేశాను. మా వాడు దరఖాస్తు అప్పటికే నింపి పెట్టాడు. "నాయనా, ఈడ మీరు ఎవరి గెస్టూ కాదు. మెంబరు" అన్నాడు. వాడి మొహంలో వెలుగు చూసి నేను నోరు విప్పలేకపోయాను.

ఆ రాత్రి మా ఇంటామే విప్పింది. ఆమెది మదురై. తిరుమల నాయకర్ మహలుకు రెండు వీధుల అవతల పుట్టింది. 1636లో కట్టిన ఆ మహలులో ఇప్పుడు మిగిలింది నాలుగో వంతేనంటారు. ఆ నాలుగో వంతుకే మెడ నొప్పిపుట్టేదాకా తలెత్తి చూడాలి. "మహలు చూసేదానికి బాగుంటది. దాంట్లో కాపురం ఉంటామా?" అంది.

ఆమె మాటలో లెక్క ఉంది. ఆ దేశంలో నేను కారు నడపను. మా వాడికి తీరిక దొరికేది శనివారం ఒక్కటే, అదీ అన్ని శనివారాలూ కాదు. అంటే ఏడాదికి ముప్పై నలభై రోజులు. గోల్ఫు చేతి విద్య, వీణ లాంటిది. నాలుగు రోజులు ముట్టకపోతే వేళ్ళు మరిచిపోతాయి. అరవై ఆరేళ్ళ వేళ్ళయితే రెండు రోజులకే మరిచిపోతాయి. మైదానం దూరాన్ని మైళ్ళలో కాదు, నెలకు ఎన్నిసార్లు పోగలం అని కొలవాలి. ఇది మేనల్లుడికి రాసిన మొదటి మాట.

ఇంటినుంచి ఇరవై నిమిషాల నడకలో సంకెన్ గార్డెన్స్ అని నగరపాలక సంస్థవారి చిన్న మైదానం ఉంది. తొమ్మిదే గుంటలు. వాటిలో ఏడు మూడేసి దెబ్బలవి, రెండు నాలుగేసివి, మొత్తం ఇరవై తొమ్మిది. పెద్ద ఆటగాళ్ళు దీన్ని పిల్లల మైదానం అని తీసిపారేయవచ్చు. నేను వారం రోజులు కర్రలు లేకుండా వట్టి చేతులతో అక్కడికి పోయి వచ్చాను. పెళ్ళిచూపులకు పోయినవాళ్ళు ఇంటి పెరడు కూడా చూసి వస్తారు కదా, అట్లాగ. ఏ వేళకు ఎవరు వస్తారు, బంతులు కొట్టి సాధన చేసే చోట నిజమైన గడ్డి ఉందా, రబ్బరు చాపలు పరిచారా, చిన్న దెబ్బలు సాధన చేసుకోనిస్తారా, ఇవీ నేను చూసినవి. చాప సంగతి కొంచెం చెప్పాలి. కర్ర బంతికి వెనక నేలను తాకితే గడ్డి మీద తప్పు వెంటనే తెలిసిపోతుంది, మట్టి పెళ్ళ లేస్తుంది. చాప మీద కర్ర జారిపోయి బంతి చక్కగానే లేస్తుంది. తప్పు చేశామని తెలియదు, మోచేతి నొప్పి మాత్రం తెలుస్తుంది. ఎక్కడికి పోయినా చాప మీద సగం, గడ్డి మీద సగం చేసుకోవడం మేలు.

ఇంకొకటి గడ్డి జాతి. మన వేడి ఊళ్ళలో బంతి దొర్లే గ్రీన్ మీద ఎక్కువగా బెర్ముడా గడ్డి. మన గరిక దాని అసలు జాతే. అది ఏ వైపుకు వాలి పెరిగితే బంతి ఆ వైపుకు లాగుతుంది. కాలిఫోర్నియా తీరంలో పోవా అనే గడ్డి ఎక్కువ. పొద్దున నున్నగా ఉండి, సాయంత్రానికి చిన్న చిన్న కంకులు వేసి బంతిని ఎగరేస్తుంది. మొదటి రెండు నెలలు మూడడుగుల దూరం నుంచి కూడా గుంటలో వేయలేకపోయాను. గుంట మాత్రం ఎక్కడైనా ఒకటే. నాలుగుంపావు అంగుళాలు. 1891 నుంచి మారలేదు. గాలి మటుకు నాకు చుట్టమే. మధ్యాహ్నం తిరిగితే సముద్రపు కాలువ వైపు నుంచి అక్కడా గాలి లేస్తుంది. అందరూ విసుక్కునే వేళకు నాకు చెట్టిపాళయం గుర్తొచ్చి హుషారు పుట్టేది.

మైదానం ఎంత కష్టమైనదో చెప్పడానికి స్లోప్ అని ఒక అంకె ఉంటుంది. 55 నుంచి 155 దాకా. 113 మధ్యస్థం. గొప్ప మైదానాలవాళ్ళు పెద్ద అంకెను మీసంలాగా మెలిపెట్టి చూపుకుంటారు. దినామూ ఆడేవాడికి 113కు అటూ ఇటూ చాలు. రోజూ ఓడిపోయే చోటికి ఎవడు పోతాడు?

ఇదంతా మా వాడికి చెప్పాను. స్లోపూ గడ్డీ అన్నీ విని, "డబ్బు గురించే కదా నాయనా?" అన్నాడు. కాదన్నాను. కొంచెంసేపు ఊరుకొని అన్నాడు: "మీరు ఆడినన్ని దినాలూ నేను కారులో కూచొని ఉండాను. జ్ఞాపకం ఉందా?"

జ్ఞాపకం లేకేం. బడి సెలవుల్లో వాణ్ణి వెంట తీసుకుపోయేవాణ్ణి. పదకొండేళ్ళ పిల్లవాడు. దొరలు ఏమనుకుంటారో అని, డ్రైవరుతో కారులోనే కూచోమని చెప్పింది నేనే. లోపలికి తీసుకుపోతే ఎవరూ కాదనేవాళ్ళు కారు. అడగడానికి నాకే మొహమాటం. వాడు కిటికీలోంచి చూస్తూ మూడు నాలుగు గంటలు గడిపేవాడు. అక్కడ కూచొని, నాయన ఇక్కడ సొంతమనిషి కాడు అని వాడు తెలుసుకున్నాడన్నమాట. పాతికేళ్ళ తర్వాత దాన్ని దిద్దడానికి దరఖాస్తు నింపాడు. నేను దాన్ని వద్దన్నాను.

వాడు దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు. మూడు వారాలు నాతో పొడిపొడిగా మాట్లాడాడు. నేను నా పాత కర్రల సంచీ రెండు చక్రాల బండికి కట్టుకొని, పొద్దున్నే నడిచిపోయి తొమ్మిది గుంటలు ఆడి వచ్చేవాణ్ణి. ఆట బాగుపడింది. మనసు బాగులేదు.

అక్కడ ఒక మంచి పద్ధతి ఉంది. ఒంటరిగా వచ్చినవాణ్ణి ఒంటరిగా ఆడనివ్వరు, ముక్కూ మొహం తెలియనివాళ్ళతో జతకలిపి నలుగురిని చేసి పంపుతారు. అట్లా ఒకరోజు నాకు జతపడిన కుర్రవాడు, నేను ఫోనులో మా ఇంటామెతో మాట్లాడడం విని, "మీరు తెలుగువాళ్ళాండీ?" అన్నాడు. అవునన్నాను. "ఏ ఊరు?" కోయంబత్తూరు అన్నాను. "అయితే తమిళులేగా?"

మన చదువరులందరూ ఈ ప్రశ్న తిన్నవాళ్ళే. ఐదువందల ఏళ్ళ కథ ఎత్తుకోవడానికి అక్కడ వ్యవధి లేదు. వెనకవాళ్ళు ఎదురుచూస్తున్నారు. "ఆట ముగిసినాక చెప్తా ఉండు" అన్నాను. నాలుగు గుంటలు అయ్యేసరికి కుర్రవాడు తనే అన్నాడు, "మీరు 'వస్తా ఉండాను' అంటే మా జేజి మాట్లాడినట్టే ఉందండీ." వాడిది అనంతపురం వైపు పల్లె. తొమ్మిదో గుంట దగ్గర వాడు కూడా, మొహమాటపడుతూనే, జేజి భాషలోకి దిగాడు. అప్పటినుంచి మంగళవారాలు మాకిద్దరికీ జత. మెక్సికో పెద్దాయన ఒకరు, చైనావారి ఆడమనిషి ఒకామె మిగతా ఇద్దరు. మా అవ్వ చెప్పిన ఇరుగుపొరుగు ఇదే. నలభై నిమిషాల అవతలి మహలులో ఇది దొరికేది కాదని నేననను, దొరికినా మంగళవారం దొరికేది కాదు.

సర్కారు మైదానం అంటే తక్కువ అనుకోకూడదు. అమెరికాలో ఉన్న దాదాపు 16 వేల మైదానాల్లో నాలుగింట మూడు వంతులు డబ్బు కట్టి ఎవరైనా ఆడదగినవే. శాన్‌డియేగో నగరానిదైన టోరీ పైన్స్‌లో 2008లోనూ 2021లోనూ యు.ఎస్. ఓపెన్ జరిగింది. ఈ ఆటకు కాశీ లాంటి స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఊరుమ్మడి నేలే. ఆదివారం అక్కడి పాత మైదానంలో ఆట ఉండదు, ఊరివాళ్ళు కుక్కలను తిప్పుకుంటారు. అయితే మైదానం ఎన్నాళ్ళుంటుందో కూడా అడిగి తెలుసుకోవాలి. సింగపూరులో నేల కరువు. జురాంగ్ కంట్రీ క్లబ్బు 2016తో పోయింది, ఎవరైనా ఆడదగిన మెరీనా బే మైదానం 2024లో మూతపడింది. బావి ఎండిపోయే ఊళ్ళో ఇల్లు కట్టుకోము కదా.

2023 సెప్టెంబరులో, మాకు ఉత్తరాన ఉన్న నాపాలో, తెలుగు తల్లిదండ్రుల బిడ్డ సహిత్ తీగల పీజీఏ టూరులో తన మొదటి పందెం గెలిచాడు. టీవీవాళ్ళు ఆ పేరును నానా రకాలుగా విరిచారు. మా ఇంటామే టీవీకి ఎదురుగా నిలబడి "తీగల, తీగల, మల్లెతీగల" అని పాఠం చెప్పింది. ఆ పొద్దు మా వాడు చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా సంకెన్ గార్డెన్స్‌కు వచ్చాడు. నేను చిన్న దెబ్బలు సాధన చేస్తున్నాను. కంచె అవతల కారులో కూచొని చూస్తున్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. నేను పోయి కారు తలుపు తీశాను. "లోపలికి రా అబ్బయ్యా" అన్నాను. అంతకంటే నాకు మాట రాలేదు. వాడు కాలి బూట్లతోనే వచ్చి, నా ఏడో నంబరు కర్ర తీసుకొని, బంతిని కాక నేలను కొట్టాడు. మట్టి పెళ్ళ లేచింది. చాప కాదు గనుక తప్పు తెలిసింది.

మేనల్లుడు ఆట నేర్చింది కొడైకానల్‌లో. 1895 నాటి క్లబ్బు అది. మంచు కమ్మిన పచ్చిక మీదికి అడవిదున్నలు వచ్చి మేస్తుంటే, అవి పోయేదాకా ఆట ఆపేవాళ్ళు. మెల్బోర్న్ పోతూ వాడు కలలుగన్నది రాయల్ మెల్బోర్న్ క్లబ్బు దాపులో ఇల్లు తీసుకోవాలని. నా జాబు చదివి జవాబు రాయలేదు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. రెండు నెలలకు నాలుగు వరసలు వచ్చాయి. ట్రాం దిగి నాలుగడుగులు వేస్తే ఆల్బర్ట్ పార్కు అని చెరువు పక్కన అందరూ ఆడుకునే మైదానం ఉందట, వారం రోజులు వట్టి చేతులతో పోయి వచ్చాడట. "అడవిదున్నలు లేవు మామా. నల్లహంసలు ఉండాయి. అవి అడ్డం వస్తే ఈడ కూడా ఆట నిలిపి నిలబడుకోవాల్సిందే" అని రాశాడు.