డిఫై

డిఫై అనే ఇంగ్లిష్ క్రియను ‘ఎదిరించు’ అని సరిపెట్టుకుంటాం. దాని మూలంలో ఉన్నది విశ్వాసానికి సంబంధించిన లాటిన్ మాట. పాత ఫ్రెంచిలో ఈ క్రియకు అర్థం, ప్రభువుకిచ్చిన విధేయత మాటను తెంచేసుకోవడం. యుద్ధం ఆ తర్వాతే.

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో విజయవాడ, సూర్యాపేట బోర్డు చూసినప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తొస్తుంది. ఆ రోడ్డు నల్లగొండ పల్లెల్లోకి పోతుంది. ‘నీ బాంచెన్ దొరా, కాల్మొక్త’ అని తరాలపాటు అనిపించిన నేల అది. 1940ల్లో, అప్పట్లో నల్లగొండ జిల్లాలోనే ఉన్న పాలకుర్తిలో, చాకలి ఐలమ్మ ఆ విధేయతను తెంచేసింది. ఆమెకు చదువు లేదు. అయినా ఈ క్రియకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు ఏ నిఘంటువులోనూ దొరకలేదు. దొర అయిన విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు పంట కోసం ఆమె చేను మీదికొస్తే, దొరలకు ఎదురు తిరిగిన సంఘం తోడుగా నిలిచింది. పంట ఐలమ్మ ఇంటికే చేరింది.